విని ఊరుకున్న పూస

తల నొప్పిగా ఉందని రైమతి వచ్చి చెప్పినప్పుడు హాస్టల్ మేట్రన్ వరహాలమ్మ ముందుగా పిల్ల నుదుటి మీది పట్టీ వైపు చూసింది. పట్టీ మోగడం లేదు. మోగనంతవరకూ భయం లేదని విశాఖ నుంచి వచ్చినవాళ్లు శిక్షణలో చెప్పి వెళ్లారు. అందుకని ఒక మాత్ర ఇచ్చి, నీళ్లు తాగించి, కాసేపు పడుకోమంది.

వరహాలమ్మ చెడ్డ మనిషి కాదు. పట్టీలు రాకముందు సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఎవరు తలనొప్పి అన్నా, ఉన్నపళాన జీపు మాట్లాడి, తానే ఒళ్లో పడుకోబెట్టుకుని కొండ దిగి ఆసుపత్రికి పరిగెత్తేది. శిక్షణకు వచ్చిన ఆఫీసరు ఆ సంగతి విని నవ్వాడు. ఇకమీదట ప్రతి తలనొప్పికీ అంత హైరానా అక్కర్లేదనీ, పట్టీయే కనిపెట్టుకుని ఉంటుందనీ చెప్పాడు. ఆమె నమ్మింది. చదువుకున్నవాళ్లు చెప్పారు కదా.

మర్నాడు ఉదయం ప్రార్థనలో నిలబడ్డ రైమతి, వెనక నుంచి ఎవరో బలంగా కొట్టినట్టు తల తిప్పి చూసింది. వెనక ఎవరూ లేరు. పక్కపిల్ల భుజం పట్టుకోబోయి, పట్టు దొరక్క అలాగే కూలిపోయింది. పడిపోయాక కూడా పట్టీ మోగలేదు.

ఆ పట్టీని కనిపెట్టింది రైమతి సొంత పిన్ని.

పాంగి దమయంతి, ఆమె అక్క బుద్రి పాడేరు కొండల్లో కాఫీ తోటల అంచున పుట్టి పెరిగినవాళ్లు. బుద్రికి చదువు అబ్బలేదు, దమయంతికి అదొక్కటే అబ్బింది. విశాఖలో ఇంజనీరింగ్ చదివి, నగరంలో నేల కింద నీటిగొట్టాలు ఎక్కడ పగలబోతున్నాయో చప్పుడును బట్టి పసిగట్టే యంత్రాలు తయారుచేసే చోట ఉద్యోగంలో చేరింది. గొట్టం పగిలే ముందు సన్నగా కూస్తుంది. ఆ కూత మనిషి చెవికి ఆనదు, యంత్రానికి ఆనుతుంది.

రైమతికి ఆరేళ్లప్పుడు సికిల్ అని తేలింది. మామూలు రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి ఎంత ఇరుకు సందులోంచైనా జారిపోతుంది. ఈ పిల్లల రక్తంలో కణాలు కొడవళ్లలా వంకర తిరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎముకల్లో చిక్కుకుంటే ప్రాణాలు తోడేసే నొప్పి. మెదడుకు పోయే నాళంలో చిక్కుకుంటే అది కొన్నేళ్లలో పూడుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు పక్కనుంచి దారపుపోగుల్లాంటి కొత్త నాళాలు వేసుకుంటుంది. వాటికి సత్తువ ఉండదు. ఏదో ఒక రోజు ఒకటి చిట్లుతుంది, మెదడు చుట్టూ రక్తం కమ్ముకుంటుంది. డాక్టరు ఇవన్నీ వివరిస్తుంటే బుద్రి పిల్లను చంకనేసుకుని ఏడుస్తోంది. దమయంతి మాత్రం నీటిగొట్టాల గురించి ఆలోచిస్తోంది. ఇవీ గొట్టాలే కదా, ఇవీ కూస్తాయా?

కూస్తాయని తేల్చుకోవడానికి ఆమెకు ఎనిమిదేళ్లు పట్టింది. ఉద్యోగం మానేసి విశాఖలోనే ఒక వైద్య పరిశోధన కేంద్రంలో చేరింది. సెలవులకు రైమతి వస్తే ప్రయోగశాలకు తీసుకెళ్లి, చెవి వెనక ఎముకకు యంత్రం ఆనించి, పిల్ల తలలోని రక్తం చప్పుడు పెద్దది చేసి ఆ పిల్లకే వినిపించేది. "మా ఊరి పిండిమర లాగుంది పిన్నీ" అని పడీపడీ నవ్వేది రైమతి. ఎవరి గొంతునైనా అనుకరించడం దానికి సరదా. ప్రయోగశాల నుంచి తిరిగి వెళ్లాక హాస్టల్లో తన తలలోని పిండిమరను కూడా అనుకరించి చూపేదట.

చివరికి ఆ యంత్రం సెనగగింజంత పూసలో ఇమిడింది. దాన్ని గుడ్డ పట్టీలో కుట్టి నుదుటి చుట్టూ కడితే, పూస చెవి వెనక ఎముకకు ఆనుకుని ఉంటుంది. నాళం చిట్లడానికి ముందు, కొందరిలో సగం రోజు ముందు, కొందరిలో ఇంకా ముందే, గోడ సన్నగా వణకడం మొదలుపెడుతుంది. ఆ వణుకు వినగానే పూస కీచుమని మోగుతుంది. వెంటనే ఆసుపత్రిలో చేర్చి, వంకర రక్తం తీసి మంచి రక్తం ఎక్కిస్తే వణుకు ఆగిపోతుంది. దానికి కావలి పట్టీ అని పేరు పెట్టారు.

కేంద్రం అధిపతి డాక్టర్ చిదంబరరావు పెద్ద పేరున్న మనిషి. పట్టీ పనిచేస్తుందని ఎవరో ఒకరు చెబితే ప్రభుత్వాలు కొనవనీ, పరీక్ష పెట్టి నిరూపించాలనీ, సగంమందికి అసలు పట్టీ, సగంమందికి ఖాళీ పూసతో ఉత్తి పట్టీ కట్టి తేడా చూపాలనీ ఆయన అన్నాడు. దమయంతికి అది మింగుడు పడలేదు. వారాల తరబడి వాదించింది. చివరికి, ఖాళీ పూస పడవచ్చన్న సంగతి ప్రతి కుటుంబానికీ స్పష్టంగా చెప్పాలనీ, పరీక్ష అయిపోగానే వాళ్లకూ అసలువి ఇవ్వాలనీ మాట తీసుకుని ఒప్పుకుంది. మాట అయితే ఇచ్చారు. ఆ మాట కొండ ఎక్కలేదు.

పట్టీలు పంచే రోజున బుద్రి చెల్లెల్ని పక్కకు పిలిచింది. తన పిల్లకు మోగేది కట్టించమని అడిగింది. అది చీటీల పద్ధతనీ, ఏ పట్టీ ఏదో తనకే తెలియదనీ, ఒక్కరికి తీసి పెడితే ఇంకొకరి పిల్లది లాక్కున్నట్టవుతుందనీ దమయంతి చెప్పింది. బుద్రి వెళ్లి పిల్లతోపాటు వరసలో నిలబడింది.

రైమతిని విశాఖ పెద్దాసుపత్రికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. స్కానింగు తెరమీద మెదడు మడతల నిండా, బొమ్మకు తెల్లరంగు పూసినట్టు రక్తం. మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దమయంతి వయసుదే. చేయగలిగింది చేస్తామంది. నిన్ననే తెచ్చి ఉంటే రక్తం మార్చి నాళాన్ని కాపాడేవాళ్లమని కూడా అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాటే అంది.

నర్సు వచ్చి పిల్ల ఒంటిమీది వస్తువులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది. చెవి దుద్దులు, జడ రిబ్బన్లు, పట్టీ. బుద్రి వాటిని ముట్టుకోలేదు. దమయంతి అందుకుంది. ఖాళీ పూసే పడిందన్నమాట దీనికి, చీటీలో దురదృష్టం, అనుకుంటూ పట్టీని అరచేతిలోకి తీసుకుంది.

పూస వెచ్చగా ఉంది.

ఖాళీ పూస వెచ్చగా ఉండదు. అందులో విద్యుత్తు పారదు. వినే పూసే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనాన్ని తగ్గించలేక ఏడాదిపాటు తల బద్దలుకొట్టుకున్నది ఆమే. వేళ్లు ఆ వేడిని పోల్చుకున్నాయి గాని, మనసుకు అది ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ఆమె అక్కకు ఏమీ చెప్పకుండా ఆసుపత్రి మెట్లు దిగి, ఆటో ఎక్కి, ప్రయోగశాలకు వెళ్లింది.

గుడ్డ కుట్లు విప్పి పూసను యంత్రానికి తగిలించింది. అందులో నిన్నటి రోజంతా ఉంది. ఉదయం పిండిమర మామూలుగానే తిరుగుతోంది. మధ్యాహ్నం బడి జరుగుతుండగా దాని అడుగున సన్నటి కూత మొదలైంది. సాయంత్రానికి అది దోమ రొదంత అయింది. రాత్రంతా పెరుగుతూ పోయింది. పూస అన్నీ విన్నది. విన్నదల్లా, ఊరూరా పెట్టినట్టే హాస్టల్లోనూ పెట్టిన పెట్టె ద్వారా ఎప్పటికప్పుడు విశాఖకు, ఇదే భవనంలోకి, చేరవేసింది. పిల్లకు మాత్రం చెప్పలేదు. దాని నోరు ఎవరో కట్టేశారు.

దమయంతి ఆ పూసను పట్టుకుని చిదంబరరావు గదిలోకి నడిచింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె ముఖం చూసి వాళ్లను పంపేశాడు. ఆయన దాచలేదు. ఖాళీ పూసలు అసలు లేవనీ, అన్నీ వినేవేననీ, సగం మాత్రం మోగకుండా చేశామనీ, ఆమె ఒప్పుకోదని తెలిసే చెప్పలేదనీ అన్నాడు.

"ఎందుకు సార్?" అంది దమయంతి.

"హెచ్చరిక వస్తే మనం రక్తం మారుస్తాం. మారిస్తే నాళం చిట్లదు. చిట్లకపోతే, అది నిజంగా చిట్లబోయిందని ఎలా రుజువు చేస్తావు? ఉత్తినే మోగిందంటారు. విని కూడా మోగని వాటిల్లో ఎన్ని చిట్లాయో చూపిస్తేనే నీ పూస చెప్పింది నిజమని..."

మధ్యలో ఆగిపోయాడు. తన మాట తనకే వినబడినట్టుంది.

"చూపించడానికి పిల్లలు కావాలన్నమాట."

"ఎవరూ కూర్చుని వినలేదు దమయంతీ. వచ్చినవన్నీ తాళంవేసిన యంత్రంలోకి పోతాయి. పరీక్ష ముగిశాకే తెరుస్తాం. నాకూ తెలియదు. తెలిస్తే ఊరుకునేవాణ్ని కాదు."

"తెలియకుండా ఉండే ఏర్పాటు చేసుకున్నదీ మీరే."

ఆయన అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అదే ఆమె ఒళ్లు మండించింది. దొంగతనం చేసినవాడు తడబడతాడు, కళ్లు దించుకుంటాడు. ఈయన కళ్లలో నిజమైన బాధ ఉంది. చేసింది తప్పన్న అనుమానం మాత్రం లేదు. పైగా మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

మిగిలినవాటి నోళ్లు ఇప్పుడే విప్పమని ఆమె అడిగింది. పరీక్ష ముగియడానికి ఇంకా నాలుగు నెలలున్నాయనీ, పరీక్షను పర్యవేక్షించే బయటి సంఘం అనుమతి లేకుండా కుదరదనీ అన్నాడు. ఆమె వెనుదిరిగి తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. పూస నోరు కట్టేసింది ఒక చిన్న ఆజ్ఞ, అంతే. దాన్ని రద్దుచేయడం ఆ పూసను పుట్టించిన మనిషికి పెద్ద పని కాదు. ఏం చేస్తోందో అర్థమై చిదంబరరావు వెనకే వచ్చాడు.

"అది పంపావంటే మూడేళ్ల పని బూడిద. ఈ పట్టీని ఇక ఎవరూ నమ్మరు. రేపు దేశమంతా ఎన్ని వేలమంది పిల్లలకు అందాలో తెలుసా? వాళ్లకు నువ్వు జవాబు చెబుతావా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. దమయంతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రేపటి పిల్లలు ఆమెకు కనబడలేదు. ప్రార్థనలో నిలబడి వెనక్కి తిరిగి చూసిన పిల్ల కనబడింది.

"చెబుతాను" అంది. ఆజ్ఞ పంపేసింది.

కొండల్లో మూగ పట్టీలన్నిటికీ ఒకేసారి మాట వచ్చింది. వచ్చీ రాగానే వాటిల్లో మూడు మోగాయి. ఎప్పటినుంచి వింటూ నోరు మూసుకుని ఉన్నాయో ఏమో. ఒరిస్సా సరిహద్దు హాస్టల్లో అన్నం తింటున్న కుర్రాడిది ఒకటి. సంతలో అల్లం అమ్ముకుంటున్న ఆడమనిషిది ఒకటి. వాగు అవతలి ఊళ్లో మేకలు కాసుకునే సోమన్న అనే ఆయనది మూడోది. మొదటి ఇద్దరినీ వేళకు ఆసుపత్రికి చేర్చారు, బతికారు. సోమన్నను డోలీలో మోసుకొచ్చారు గాని, వాగు పొంగి దారి ఇవ్వలేదు. ఒడ్డునే, పట్టీ ఇంకా కీచుమంటూ ఉండగానే ఆయన పోయాడు. మోగకపోయి ఉంటే తెలియకుండా పోయేవాడు. మోగింది కాబట్టి నీళ్లవైపు చూస్తూ పోయాడు.

రైమతి మూడోరోజు పోయింది.

శవాన్ని ఇచ్చే గది బయట అరుగుమీద కూర్చుని దమయంతి అక్కకు అంతా చెప్పేసింది. దాచిపెట్టి బతకడం ఆమెవల్ల కాలేదు. బుద్రి చెంగు నోట్లో కుక్కుకుని వింది. అంతా విన్నాక ఆ చెంగు తీసింది.

"ఇన్నాదా అది?"

"ఇన్నాది అప్పా."

"ఇని ఊరుకున్నాదా?"

"ఊరుకోమని సేసినారు."

"అది కూసిందంటే ఆ మేట్రనమ్మ నా గుంటని ఎత్తుకుని పరిగెట్టేసేది. అది లేకపోయినా పరిగెట్టేసేది. ఇంతకుముందు పరిగెట్టలేదేటి? నువ్వు సేసిన ఆ పూస ఉన్నాదని ఊరుకున్నాది." బుద్రి గొంతు పెంచలేదు. "దయ్యం పట్టినా దండం పెడితే ఒదిలేత్తాది. నీ సదువు ఒదల్లేదు నా పిల్లని."

ఆ తర్వాత బుద్రి చెల్లెలితో మాట్లాడలేదు. పిల్లను ఊరికి తీసుకెళ్లి తమ పద్ధతిలో సాగనంపుతున్నప్పుడు దమయంతి దూరంగా, బయటివాళ్లతోపాటు నిలబడింది.

విచారణ జరిగింది. పెద్దపెద్దవాళ్లు వచ్చారు. మేట్రన్ వరహాలమ్మను నిలబెట్టి, తలనొప్పి అన్న పిల్లను ఎందుకు ఆసుపత్రికి పంపలేదని గుచ్చిగుచ్చి అడిగారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మీరే వద్దన్నారు కదయ్యా అంటే, అలా ఎవరు చెప్పారో పేరు చెప్పమన్నారు. ఆమెకు పేరు తెలియదు. చివరికి వచ్చిన నివేదికలో సమన్వయలోపం అన్న ముక్క పదేపదే కనిపించింది. చావు అన్న మాట ఎక్కడా లేదు. చిదంబరరావును ఇంకో రాష్ట్రంలో ఇంకా పెద్ద కేంద్రానికి పంపారు. పరీక్ష నియమాలు ఉల్లంఘించినందుకు దమయంతిని ఉద్యోగంలోంచి తీసేశారు. పేపర్లు రెండు రోజులు రాశాయి.

ఆ రాతల వేడికి ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట ఎవరికీ మూగ పట్టీ ఉండదు, సికిల్ ఉన్నవాళ్లందరికీ మోగేవే ఇవ్వాలి. ఉత్తర్వు బాగానే ఉంది. కట్టుకునేవాళ్లు కావాలి కదా. కొండల్లో జనం పట్టీలు తెంపి వాగుల్లో పారేశారు. కొన్నిచోట్ల మేకల మెడలకు కట్టారు. పట్టీలు పంచడానికి వెళ్లిన సిబ్బందిని ఊరి పొలిమేరలోనే ఆపేశారు. "మా సావులు ఇనడానికొచ్చినారు మీరు" అని ఒక ఊళ్లో ఒక తల్లి మొహం మీదే అంది. మళ్లీ వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు, ఉద్యోగంలోంచి తీసేసినవాళ్లే దమయంతిని పిలిపించి, తాత్కాలికంగా, ఆ పని చేసిపెట్టమన్నారు. ఆమె పెట్టెలు జీపులో వేసుకుని కొండెక్కింది.

మిగతా ఊళ్లు ఎలా ఉన్నా, సొంత ఊరికి వెళ్లక తప్పదు. కాఫీ పళ్లు ఆరబోసే కళ్లం దగ్గర జనం పోగయ్యారు. వాళ్లలో సగంమంది ఆమెకు వరసైనవాళ్లే. ఎవరూ కూర్చోమనలేదు. దమయంతి పట్టీలు బయటికి తీసి, జరిగిందంతా మళ్లీ చెప్పింది, తప్పు ఎక్కడుందో చెప్పింది, ఇవి వేరనీ, ఇవి మోగుతాయనీ చెప్పింది. అప్పుడూ అలాగే చెప్పారు కదా అన్నాడు ఒక ముసలాయన. జనం ఒక్కొక్కరే లేచి పోవడం మొదలుపెట్టారు.

బుద్రి అప్పటిదాకా కళ్లం అవతల పళ్లు తిరగేస్తూ, వినీ విననట్టు ఉంది. పార పక్కన పడేసి వచ్చింది. పెట్టెలోంచి ఒక పట్టీ తీసి చెల్లెలి ముందుకు విసిరింది.

"మోగించు" అంది.

దమయంతి జీపులోంచి పరీక్షకు వాడే చిన్న గొట్టం తెచ్చి, నాళం వణికినట్టు దాన్ని వణికించి, పూసకు ఆనించింది. పూస కీచుమంది. బుద్రి ఇంకోటి విసిరింది. అదీ మోగింది. ఇంకోటి. పెట్టెలో ఉన్నవన్నీ అయ్యేదాకా, ఎండలో, ఒక్కటీ వదలకుండా మోగించింది. లేచిపోయినవాళ్లు మళ్లీ వచ్చి నిలబడ్డారు.

అప్పుడు బుద్రి వాళ్లవైపు తిరిగింది.

"ఇది మంచిదని నాను సెప్పను. దీనివల్లే నా గుంట పోనాది. కానీ రోగం ఎల్లిపోలేదు కదా, అది మన రగతంలోనే ఉన్నాది. మోగేదైతే కట్టండి. నెలనెలా ఇలాగే అందరి ముందూ మోగించి సూపించాల. ఇది" అని చెల్లెలి వైపు వేలు చూపింది, "ఇక్కడే ఉంటాది. పట్నం ఎల్లదు. మోగినప్పుడు డోలీ కాడి ఒక కొస దీని బుజం మీదే ఉండాల. తలనొప్పి అంటే మోగినా మోగకపోయినా మోసుకెల్లాల. ఒప్పుకుంటే కట్టించుకుందాం. లేదంటే ఇదే జీపెక్కి పొమ్మందాం."

దమయంతి ఒప్పుకుంది. చిదంబరరావు సంఘాలన్నీ కలిసి పెట్టిన నియమాల కన్నా ఆ కళ్లంలో అక్క పెట్టిన నియమాలే సరైనవని ఆమెకు ఆ క్షణాన తోచింది. ఎనిమిదేళ్లు విన్నది రక్తం చప్పుడే గాని, మనుషులను ఒక్కమాటా అడిగి వినలేదు.

ఊరి చివర ఖాళీగా ఉన్న ఒక గదిలో కాపురం పెట్టింది. బుద్రి ఆమె ఇంటివైపు వచ్చేది కాదు, పిలిచేది కాదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని పోయేది. నెలకోసారి కళ్లంలో మాత్రం ముందు వరసలో కూర్చుని, ప్రతి పూసా మోగేదాకా లేచేది కాదు.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఒక ఉదయం, తోటలో పళ్లు కోస్తున్న వంతాల సుక్రి పట్టీ మోగింది. సుక్రికి ఇరవై ఏళ్లుంటాయి, పెళ్లయి ఏడాది. తనకు ఏమీ లేదనీ, తలనొప్పి కూడా లేదనీ, బుట్ట నిండాక వస్తాననీ అంది. బుద్రి ఆ బుట్టను లాగి పారేసింది. డోలీ కట్టారు. ముందు కొస సుక్రి మొగుడు ఎత్తుకున్నాడు, వెనక కొస దమయంతి. కొంతదూరం పోయాక ఆమె భుజం ఒరుసుకుపోయి కాళ్లు తడబడుతుంటే, పక్కన నడుస్తున్న బుద్రి ఆమెను తప్పించి తాను ఎత్తుకుంది. మళ్లీ కాసేపటికి ఆమెకే ఇచ్చింది. అలా మార్చుకుంటూ రోడ్డుకు చేరారు. జీపు సిద్ధంగా ఉంది. దారంతా పట్టీ కీచుమంటూనే ఉంది. సుక్రి భయపడి ఏడుస్తుంటే, మోగుతోందంటే ఇంకా టైముందని అర్థమంటూ దమయంతి దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో ఫోను మీదే అంతా సిద్ధం చేసి ఉంచారు. ఒక చేతిలోంచి వంకర రక్తం తీస్తూ, ఇంకో చేతికి మంచి రక్తం ఎక్కించారు. సంచీ తర్వాత సంచీ. పెద్ద యంత్రాలు లేవు, ఆపరేషన్ లేదు, కత్తిగాటు లేదు. మంచం పక్కన నర్సు స్వెటర్ అల్లుకుంటూ, మధ్యమధ్య లేచి సూది చూసి వస్తోంది. సాయంకాలం పొద్దు ఇంకా కిటికీలో ఉండగానే పూస కూత సన్నబడింది. ఆగింది. సుక్రి ఆకలేస్తోందంది. డాక్టరు వచ్చి చూసి, రేపు మెదడు ఫోటో తీద్దామనీ, ప్రస్తుతానికి గండం గడిచిందనీ చెప్పి, ఇంకో వార్డుకు వెళ్లిపోయాడు.

దమయంతికి సంతోషించాలనిపించింది. ఆమె బతుకంతా పడ్డ కష్టం ఇందుకే. మొదటిసారి కళ్లారా చూసింది, పూస చెప్పింది, మనుషులు విన్నారు, మనిషి బతికింది. కానీ సంతోషం రాలేదు. అక్కవైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

బుద్రి మంచం పక్కన నిలబడి, ఖాళీ అయిన రక్తం సంచుల్ని, సూది గుచ్చినచోట అంటించిన చిన్న దూది ముక్కను, రొట్టె నములుతున్న సుక్రిని మార్చిమార్చి చూస్తోంది. రైమతి పోయిన తర్వాత మొదటిసారి చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది.

"దమయంతీ, ఇంతేనా?"

దమయంతి అక్కవైపు తిరిగింది.

"నాలుగు సంచీల రగతం, ఒక మంచం, ఒక పూట. నా గుంటకి కావలసింది ఇంతేనా?"

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"ఇంతే అప్పా."

బుద్రి మంచం ఇనపపట్టీని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత వదిలేసి, కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది.

"పూస నోరు కట్టేసిన ఆ డాట్రుబాబు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో నీకు తెలుసుననుకుంటాను" అంది. "సుక్రిని ఇంటికి దింపేసినాక, నన్నక్కడికి తీసుకెల్లు. ఇంతేనా అని ఆ బాబునీ అడగాల."

దమయంతి తలూపింది. అక్క వెంట వెళ్లడానికి, ఎక్కడికైనా సరే, ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది.